పొందూరు నూలులో వేళ్ల జాడ

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు నూలు తీయడానికి వాలుగ చేప దవడ ఒక పనిముట్టు. ఆ చేప నోట్లో సన్నని పళ్లు వరసలు వరసలుగా, ఒత్తుగా ఉంటాయి. ఎండిన దవడను చేతబట్టి ఆడవాళ్లు కొండపత్తిని గింజ తీయకముందే దువ్వుతారు. నలకలు రాలిపోతాయి, పోగులు ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. గింజ తీయడం, ఏకులు చేయడం, రాట్నం మీద వడకడం అన్నీ ఆ తర్వాతే. ఇంత ఓపికతో తీసిన నూలు 100 కౌంటు దాకా వెళుతుంది.

కౌంటు లెక్క తెలిస్తే ఆ సన్నదనం ఏపాటిదో అర్థమవుతుంది. ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాముల నూలులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని వస్తే అంత కౌంటు. 100 కౌంటైతే 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా రోడ్డు పొడవునా పరిచినా ఇంకా మిగులుతుంది. అందులో ప్రతి అంగుళమూ ఎవరో ఒకరి వేళ్ల మధ్య నుంచి సాగి వచ్చిందే.

తాతగారి పొందూరు పంచె చిరుగుపట్టినా పారేయడానికి చేయి రాదు. అది వట్టి మమకారమేనా? మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని శ్రద్ధగానే పరిశీలించారు. హిట్లర్ తొడిగిన స్వెట్టరు ఇస్తే, శుభ్రంగా ఉతికి ఇచ్చినా సరే, చాలామంది వేసుకోవడానికి ఇష్టపడరని పాల్ రోజిన్ బృందం గమనించింది. మనిషి తాకిన వస్తువులో ఆ మనిషిది ఏదో మిగిలిపోతుందని మన మనసు నమ్ముతుంది. చదువుకున్నవాళ్ల మనసైనా అంతే.

బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన ప్రయోగం నాకు మరీ ఇష్టం. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఒక యంత్రాన్ని చూపించి, ఇది ఏ వస్తువుకైనా అచ్చంగా నకలు తీస్తుందని నమ్మించారు. మామూలు బొమ్మైతే నకలు తీసుకోవడానికి పిల్లలకు పెద్దగా అభ్యంతరం లేదు. రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మ, దుప్పటి దగ్గరికి వచ్చేసరికి చాలామంది అసలుదే తిరిగి కావాలన్నారు. కొందరైతే దాన్ని యంత్రంలో పెట్టనివ్వనే లేదు. కంటికి రెండూ ఒకటే. పిల్లలు కోరుకున్నది ఆ వస్తువు గడిచి వచ్చిన కాలాన్ని.

చేనేత ఖద్దరు విషయంలో ఈ నమ్మకానికి గట్టి ఆధారమే ఉంది. చేత్తో వడికిన నూలు యంత్రపు నూలంత సమంగా రాదు. పత్తిని లాగే వేళ్లు కాస్త బిగిస్తే సన్నం, సడలిస్తే లావు. ఆ హెచ్చుతగ్గులు గుడ్డలో నిలిచిపోతాయి, మన వేళ్లు వాటిని పసిగడతాయి. 13 నానోమీటర్ల ఎత్తున్న ముడతలను కూడా చేతివేలు నునుపు తలం నుంచి వేరు చేయగలదని 2013లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. దాని ముందు నూలుపోగులోని తేడా కొండంత.

అందుకే మరమగ్గం గుడ్డను ఖద్దరని అమ్మడం నా దృష్టిలో ధరలో మోసం కంటే పెద్ద తప్పు. కొనేవాడు ఒక మనిషి పనితనాన్ని ఇంటికి తెచ్చుకుంటున్నాననే అనుకుంటాడు. పంచె కొనేముందు దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. పడుగులోనూ (నిలువు పోగులు) పేకలోనూ (అడ్డ పోగులు) పోగులు అక్కడక్కడా లావుగా, అక్కడక్కడా సన్నగా కనిపించాలి. గీత గీసినట్టు అన్నీ ఒకే తీరుగా ఉంటే అది మిల్లు నూలేమోనని దుకాణదారుణ్ణి నిలదీయండి.