పడే డబ్బు, పడే తేదీ

చిరంజీవులైన మా మనవలకు, మన వీధి పిల్లలందరికీ అమ్మమ్మ దీవించి రాయునది. ఒడిశా పర్లాకిమిడిలో అందరం క్షేమం. ఉభాలు, అదే వరి నాట్లు, అయిపోయాయి, చేలు పచ్చబడ్డాయి.

"సుభద్ర డబ్బులు పడ్డాయి, కిసాన్ డబ్బులూ పడ్డాయి, అమ్మ ఇంకా అప్పెందుకు చేస్తోంది అమ్మమ్మా?" అని అడిగారు కదా. అది ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు, అందుకే కాగితం తీశాను. మన ఆడవాళ్ల పొదుపు సంఘం పద్దులు రాసేది నేనే కాబట్టి, ఎవరింటికి ఎంత వస్తుందో, వచ్చింది ఎటు పోతుందో నాకు తెలుస్తూనే ఉంటుంది.

ముందు లెక్క చూడండి. మన ఒడిశా ప్రభుత్వం పథకం సుభద్ర యోజన 2024 సెప్టెంబరు 17న మొదలైంది. 21 నుంచి 60 ఏళ్ల లోపు ఆడవాళ్లకు ఏడాదికి 10,000 ఇస్తారు. రాఖీ పున్నమికి సగం, మార్చి 8కి సగం. అయిదేళ్లకు 50,000, అక్కడితో సరి. పొలం తమ పేరున ఉన్న రైతుకు కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6,000, మూడు విడతల్లో. దాని మీద మన రాష్ట్రం ఇచ్చే సీఎం కిసాన్ 4,000, అక్షయ తృతీయకు సగం, కొత్త బియ్యం పండుగ నువాఖాయికి సగం. అన్నీ వచ్చే ఇల్లే అనుకోండి, ఏడాదికి 20,000. రోజుకు 55 రూపాయలు కూడా నిండవు. అయిదుగురున్న ఇంట్లో తలకు పదకొండు రూపాయలు. "ప్రభుత్వం ఇస్తోంది, జనం కూర్చుని తింటున్నారు" అని బస్సులో ఎవరైనా అంటే ఈ లెక్క అప్పజెప్పండి.

మరి ఇంత చిన్న డబ్బుకు అంత విలువెందుకు? ఆషాఢంలో ఎరువుకీ కూలీలకీ చేతిలో పైసా ఉండదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఐదువేలు తెస్తే నెలకు 150. పుష్యంలో నూర్పులై ధాన్యం అమ్మేసరికి ఆరు నెలలు, 900 వడ్డీ. అదే శ్రావణ పున్నమికి డబ్బు పడి, వెంటనే అప్పు తీర్చేస్తే వడ్డీ రెండు నెలలదే, 300. వచ్చింది ఐదువేలే అయినా ఆ ఇంటికి కలిసొచ్చింది ఐదువేల ఆరువందలు.

అంతకంటే పెద్ద లాభం ఇంకోటుంది. అప్పు నెత్తిన ఉన్నవాడు కళ్లంలోనే షావుకారికి ధాన్యం కొలిచేస్తాడు, ధర షావుకారు చెప్పిందే. అప్పు లేనివాడు సర్కారు కొనుగోలు టోకెన్ వచ్చేదాకా ఆగి మండీకి తోలుకెళ్తాడు. 2024 ఖరీఫ్ ధాన్యానికి అక్కడ క్వింటాకు 2,300 మద్దతు ధర, పైన మన రాష్ట్రం 800, మొత్తం 3,100. నాలుగు వారాలు ఆగగలిగాడా లేదా అన్నదాని మీదే ఒక ఏడాది బతుకు ఆధారపడుతుంది. ఆ ఆగే శక్తిని ఈ చిన్న డబ్బు ఇస్తుంది.

మన వీధి చివరింటి కోడలు సుభద్ర మొదటి విడత తీసుకున్న రోజు నేనూ మినీ బ్యాంకు దగ్గరే ఉన్నాను. ఉభాలకు నాలుగిళ్ల పొలాల్లో దిగిన చెయ్యి, బొటనవేలి గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర మిషను ఎంతకీ తీసుకోలేదు. చీర కొంగుతో తుడిచింది, కొంచెం కొబ్బరినూనె రాసి మళ్లీ తుడిచింది, చివరికి ఎడమచేతి వేలు పట్టింది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, అక్కడే బల్ల మీద విడదీసింది. ఎరువుల కొట్టు బాకీ 2,200. కూతురి ఫీజు 1,500. అత్తగారి కళ్లజోడు 700. మిగిలిన 600 నా చేతిలో పెట్టి "పొదుపులో రాయండి పిన్నీ" అంది. ఎవరినీ అడగలేదు. ఆ ఇంట్లో అంతకుముందు కళ్లజోడు సంగతి మూడేళ్లుగా వాయిదా పడుతూ వచ్చింది. డబ్బు ఆవిడ ఖాతాలో పడింది కాబట్టే ఆ ముసలమ్మ ఈవేళ బియ్యంలో రాళ్లు తనే ఏరుకుంటోంది. నాకు మాత్రం ఈ పథకాల్లో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

డబ్బిస్తే తాగేస్తారని కొందరంటారు. 2011లో మధ్యప్రదేశ్ పల్లెల్లో సేవా అనే మహిళా సంస్థ నెలనెలా పెద్దలకు 200, పిల్లలకు 100 ఇచ్చి చూసింది, తర్వాత కొంత పెంచింది. తిండి మెరుగైంది, మేకలూ పశువులూ పెరిగాయి. తాగుడు పెరగలేదు.

ఏరు దాటితే పాతపట్నంలో మీ పెద్దమ్మమ్మ ఉంది కదా. ఆంధ్రాలో ముసలివాళ్లకు 2024 జూలై నుంచి నెలకు 4,000 పింఛను, ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు. ఇక్కడ మన రాష్ట్రం ఇచ్చే మధుబాబు పింఛను 1,000, ఎనభై దాటితే 3,500. ఈ తేడా చూసి నాకూ బాధగానే ఉంటుంది. మహేంద్రతనయ ఏటికి అవతలి ఒడ్డున ఆకలి ఎక్కువా? కానీ మీ పెద్దమ్మమ్మకు మందుల కొట్టువాడు నెలాఖరులో అరువిచ్చేది నాలుగువేలు చూసి కాదు, ఒకటో తారీఖు తప్పదన్న నమ్మకంతో.

తేదీ తప్పితే ఏమవుతుందో కూడా వినండి. విడత వస్తుందని నమ్మి చిన్న అప్పుల కంపెనీ దగ్గర తీసుకున్న ఇళ్లు మన ఊళ్లోనే ఉన్నాయి. వాళ్ల కిస్తీ వారం వారం కట్టాలి. ఇ-కేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూడ్డం) అవలేదనో, ఆధార్ ముడిపడలేదనో విడత ఆగిపోతే కిస్తీ మాత్రం ఆగదు. ఇందులో కిటుకొకటుంది: డబ్బు మీ అమ్మ ఇచ్చిన పాస్‌బుక్కుకు రాదు, ఆధార్ ఆఖరున ఏ బ్యాంకుకు ముడిపడిందో ఆ ఖాతాలో పడుతుంది. ఎప్పుడో సిమ్ము కొన్నప్పుడో, గ్యాసు కోసమో తెరిచిన ఖాతాలో పడి ఉంటే, రాలేదని ఏడుస్తూ బ్లాకు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లున్నారు. ఒడియాలోనో ఇంగ్లీషులోనో వచ్చే మెసేజీ మీ అమ్మలు చదవలేరు. మీరు బడిలో ఒడియా చదువుతున్నారు. ఆ మెసేజీ తెలుగులో చెప్పడం మీ పని.

ఇంకొకటి నన్ను నిద్రపోనివ్వదు. కౌలుకు చేసేవాడికి పీఎం కిసాన్ రాదు, పట్టా ఉన్నవాడికే వస్తుంది. పట్టా ఉన్నవాడు పట్నంలో ఉంటున్నా, పొలంలో బురద తొక్కేది ఇంకొకడైనా సరే. ఇంతకుముందు కాళియా పథకంలో భూమి లేని వ్యవసాయ కుటుంబాలకు మేకలకో కోళ్లకో 12,500 ఇచ్చారు. మన సంఘంలో ఇద్దరు దాంతోనే మేకల మంద కట్టుకున్నారు. అలాంటిది మన వీధిలో ఇంకా ఎవరికి రావాలో లెక్క తీయాలి.

పెద్దోడికి పద్దెనిమిది నిండాయి, ఈసారి పల్లిసభకు, అదే ఊరి సభకు, వాడు రావాలి. కౌలు చేసే ఇళ్ల పేర్లు నేను తెలుగులో రాసి ఉంచాను. అవి ఒడియాలోకి ఎత్తి, శుభ్రంగా ఒక అర్జీ రాసి పెట్టండి. చిన్నదాన్ని వచ్చేటప్పుడు వాళ్లమ్మ పాస్‌బుక్కూ ఆధార్ కార్డూ తెమ్మనండి, సోమవారం బ్యాంకుకు వెళ్దాం.

ఇట్లు,
మీ అమ్మమ్మ