రాత్రిపూట మూగబోయే సెన్సర్

ప్రియమైన పిల్లలకు, ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. ట్యాంకు మీద మీరు అమర్చిన సెన్సర్ పగలంతా వైఫై ద్వారా నీటిమట్టం పంపుతూ, తెల్లవారుజాముకు మూగబోతోందని రాశారు. ఇంకా పెద్ద సోలార్ ప్యానెల్ కొనాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు. మా ట్యాంకు మీది సెన్సర్‌కు నేను ఆ పనే చేశాను. అంతకుముందు రాత్రి రెండు గంటలకు ఆగే సెన్సర్, రెట్టింపు ప్యానెల్ పెట్టాక నాలుగింటికి ఆగింది. చిల్లు కుండలో నీళ్లు పోయడమంటే ఏమిటో ఆ వారం బాగా తెలిసింది.

లెక్క వేసి చూడండి. సెన్సర్‌ను నడిపే చిన్న వైఫై కంప్యూటర్, అంటే మీ ఇఎస్‌పి8266 బోర్డు, మెలకువగా ఉన్నప్పుడు సగటున 80 మిల్లీఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. పది నిమిషాలకోసారి లేచి అయిదు సెకన్లు పనిచేస్తే రోజుకు 144 సార్లు, అంటే 720 సెకన్లు. కరెంటును గంటలతో గుణిస్తే బ్యాటరీ నుంచి పోయే ఖర్చు 16 మిల్లీఆంపియర్ అవర్లే! అదే బోర్డు అసలు నిద్రపోకపోతే రోజుకు 1920. తేడా వంద రెట్లకు పైనే.

మరి నా బోర్డు ఎందుకు నిద్రపోలేదు? రాత్రి పడుకునే ముందు ఇంట్లో రౌటర్ ఆపేసేది నేనే. వైఫై దొరికేదాకా ప్రయత్నిస్తూనే ఉండమని ప్రోగ్రామ్ రాసిందీ నేనే. పాపం, అది చెప్పినట్టే రాత్రంతా వెతికింది. పది సెకన్లలో దొరకకపోతే వదిలేసి నిద్రపొమ్మని ఒక షరతు చేర్చాను. పాత చిన్న ప్యానెలే సరిపోయింది. మీ ప్రోగ్రామ్‌లో ముందు చూడవలసింది ఇదే.

తర్వాత చిన్న చిల్లులు. గాఢనిద్రలో చిప్ వాడేది 20 మైక్రోఆంపియర్ల చుట్టూనే, అంటే మిల్లీఆంపియర్‌లో యాభయ్యో వంతే ఉంటుంది. దాని పక్కన ఎప్పుడూ వెలిగే ఎర్ర ఎల్‌ఈడీ, బ్యాటరీ వోల్టేజిని చిప్‌కు తగినట్టు తగ్గించి ఇచ్చే వోల్టేజి రెగ్యులేటర్ కలిసి కొన్ని మిల్లీఆంపియర్లు మింగేస్తాయి. యజమాని కన్నా కాపలావాడి తిండి ఎక్కువన్నమాట. ఆ రెగ్యులేటర్ ఎఎంఎస్1117 రకమైతే ఇంకో చిక్కు ఉంది. 3.3 వోల్టులు సరిగా ఇవ్వాలంటే దానికి సుమారు ఒక వోల్టు అదనంగా కావాలి. లిథియం బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే 4.2 వోల్టులు, చాలాసేపు 3.7 దగ్గర ఉంటుంది. అందుకే బ్యాటరీలో ఛార్జి మిగిలి ఉండగానే బోర్డు తడబడుతుంది. తక్కువ వోల్టేజి తేడాతో, నిద్రలో తక్కువ కరెంటుతో నడిచే రెగ్యులేటర్ పెట్టండి.

వైఫై సందేశం పంపే క్షణంలో కరెంటు 300 మిల్లీఆంపియర్లు దాటవచ్చు. నీరసించిన బ్యాటరీ వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది, బోర్డు మళ్లీ మొదలవుతుంది, మళ్లీ పంపబోతుంది, మళ్లీ పడిపోతుంది. పొద్దున వచ్చే లేత ఎండ ఆ గొడవకే ఖర్చవుతుంది. ఆ పతనం రెప్పపాటులో జరుగుతుంది కాబట్టి మామూలు మల్టీమీటర్‌లో కనిపించదు. బోర్డుకు కరెంటు అందే పిన్నుల దగ్గర, కాస్త ఛార్జి దాచుకుని ఆ క్షణంలో అందించే 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టి చూడండి, ప్లస్ మైనస్ తారుమారు చేయకుండా.

ప్యానెల్‌ను విడిగా కొలిచి మురిసిపోకండి. ఏమీ కలపనప్పుడు మబ్బులోనూ మంచి వోల్టేజే చూపిస్తుంది. బ్యాటరీని ఛార్జి చేసే మాడ్యూల్ కలిపాక అసలు సంగతి తేలుతుంది. ప్యానెల్‌లో వరుసగా కలిపిన గడుల్లో (సోలార్ సెల్స్‌లో) ఒక్కదాని మీద ఆకు నీడ పడినా మొత్తం కరెంటు తగ్గిపోతుంది.

కరెంటు కొలిచేటప్పుడు మీటర్‌ను తీగ మధ్యలో కలపాలి. ఆంపియర్ల స్థానంలో ఉంచి బ్యాటరీ రెండు కొసలకూ తాకించారంటే షార్టే. ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే మాత్రం దాని జోలికి పోకుండా పెద్దవాళ్లను పిలవండి.

ఈ రాత్రి రౌటర్ ఆపకుండా ఉంచి, బోర్డు ఎన్ని గంటలకు ఆగిందో, అసలు ఆగిందో లేదో రాయండి. ప్రోగ్రామ్ కాగితం కూడా జతచేయండి.

మీ తాతయ్య