నోరు కట్టుకోకుండా తీపి తినడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

డైటీషియన్‌నైన నా ముందు కూర్చున్నవాళ్లు పొద్దున ఏం తింటారో, రాత్రి ఎన్నింటికి తింటారో గడగడా చెప్పేస్తారు. తీపి మాట ఎత్తగానే గొంతు తగ్గిపోతుంది. "ఎప్పుడైనా కొంచెం..." అని నసుగుతారు. ఆ 'కొంచెం' ఎంతో, ఆ 'ఎప్పుడైనా' వారానికి ఎన్నిసార్లో రాబట్టేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. నేనేదో కోప్పడతానని వాళ్ల టెన్షన్. నిజానికి చాలామందికి తీపి మానేయమని నేను చెప్పను. ఎంత తింటున్నారు, ఎప్పుడు తింటున్నారు, ఏ రూపంలో తింటున్నారు అన్నదే అడుగుతాను. ఈ మూడూ వదిలేసి 'ఏ తీపి మంచిది?' అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరగడం వల్లే కింద చెప్పిన అపోహల్లో సగం పుట్టుకొచ్చాయి.

అపోహ: ఆరోగ్యంగా ఉండాలంటే తీపి పూర్తిగా మానేయాల్సిందే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సున్నాకి తెమ్మనలేదు. రోజంతా తినే కేలరీల్లో 'ఫ్రీ షుగర్స్' వాటా 10 శాతం లోపు ఉండాలని 2015లో సూచించింది. 5 శాతం లోపుకి తెస్తే ఇంకా మేలంది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి 10 శాతం అంటే 50 గ్రాములు, 5 శాతం అంటే 25. చిన్న చెంచాకి 4 గ్రాముల చొప్పున చూస్తే సుమారు పన్నెండు చెంచాలు, ఆరు చెంచాలు. మనం కలుపుకునే చక్కెర, కంపెనీవాళ్లు కలిపే చక్కెర, తేనె, సిరప్‌లు, పండ్ల రసంలోని చక్కెర అన్నీ ఫ్రీ షుగర్సే. పండులో, పాలలో సహజంగా ఉండేది మాత్రం ఈ లెక్కలోకి రాదు.

ఈ 25 గ్రాముల్ని జేబు ఖర్చుకిచ్చిన డబ్బు అనుకోండి. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. ఒక్క డబ్బా తాగితే ఆ రోజు ఖర్చు అయిపోయి అప్పు కూడా మిగులుతుంది. కడుపు నిండినట్టూ ఉండదు. నన్నడిగితే తాగే తీపి అంత దండగమారి తీపి ఇంకోటి లేదు. ఆ చక్కెరేదో నమిలి, రుచి తెలుస్తూ తినే దాని మీద పెట్టండి.

పూర్తిగా మానేస్తే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. 1975లో హెర్మన్, మాక్ అనే పరిశోధకులు కొందరికి మిల్క్‌షేక్‌లు తాగించి, తర్వాత రుచి చూసి చెప్పమంటూ ఐస్‌క్రీమ్ ముందు పెట్టారు. తిండి మీద ఆంక్షలేమీ పెట్టుకోనివాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించి తిన్నారు. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు. 'ఎలాగూ నియమం తప్పాం, ఇంక ఎంతైతే ఏంటి' అన్న లెక్క. మునిగినవాడికి చలేమిటన్నట్టు! 'సోమవారం నుంచి తీపి బంద్' అని ఒట్టు పెట్టుకున్నవాళ్లు గురువారం డబ్బా మొత్తం ఖాళీ చేయడం వెనకున్నది సంకల్పబలం లేకపోవడం కాదు, ఆ ఒట్టే. ఒక్క ముక్క తింటే ఓడిపోయినట్టే అని రాసుకున్న నియమం ఆ ఒక్క ముక్కతోనే కూలిపోతుంది.

అపోహ: చక్కెర బదులు తేనె, బెల్లం, బ్రౌన్ షుగర్ వేసుకుంటే ఎంత తిన్నా పర్వాలేదు.

తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీళ్లు. చక్కెర కంటే బరువైనది కాబట్టి చెంచా తేనె 7 గ్రాముల దాకా తూగుతుంది, 20 కేలరీలకు పైనే ఇస్తుంది. చెంచా చక్కెర ఇచ్చేది 16. బ్రౌన్ షుగర్ అంటే తెల్ల చక్కెరకి కొద్దిగా మొలాసిస్ (చక్కెర తీయగా మిగిలే నల్లటి పాకం) పట్టించినది, అంతే. బెల్లంలో ఖనిజాలు కాస్త ఉన్న మాట నిజమే, కానీ వాటి కోసం తినాలంటే దాంతోపాటు లోపలికి పోయే చక్కెర చాలా ఎక్కువ. రుచి నచ్చి వాడుకుంటే హాయిగా వాడుకోండి, నేనూ తేనె వాడతాను. 'ఆరోగ్యకరం' అన్న ధైర్యంతో రెండు చెంచాలు ఎక్కువ పడ్డప్పుడే అసలుకి ఎసరు. ఇక ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకూడదు. బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది.

అపోహ: పండులోనూ చక్కెరే ఉంది, కాబట్టి పండు తిన్నా రసం తాగినా ఒకటే.

ఒకటి కాదని 1977లోనే తేల్చారు. లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో పదిమందికి ఒకసారి ఆపిల్ ముక్కలు, ఒకసారి మెత్తగా చేసిన గుజ్జు, ఒకసారి రసం ఇచ్చారు. మూడింట్లోనూ పిండిపదార్థం సమానంగా ఉండేలా చూశారు. పండు తినడానికి పట్టిన సమయంలో పదకొండో వంతులోనే రసం తాగేశారు. పండు తిన్నప్పుడు కడుపు నిండినట్టు అనిపించింది, రసానికి అంతగా అనిపించలేదు. రసం తాగాక ఇన్సులిన్ ఎక్కువగా పెరిగింది, ఆ తర్వాత రక్తంలో గ్లూకోజ్ మామూలు కంటే కిందికి జారింది. చక్కెర అదే. పీచు పోయింది, నమిలే పని పోయింది, తేడా అక్కడుంది. అందుకే నేను పండ్ల మీద కోత పెట్టను. జ్యూస్ జార్ మాత్రం పక్కన పెట్టమంటాను.

అపోహ: రోజంతా కొంచెం కొంచెంగా తింటే నష్టం తక్కువ.

బల్ల మీద చాక్లెట్ డబ్బా పెట్టుకుని గంటకొకటి నోట్లో వేసుకునేవాళ్ల ధీమా ఇది. 'ఒక్కటేగా తిన్నాను' అంటారు, నిజమే. మొత్తం లెక్కేస్తే పెద్దగా ఉండకపోవచ్చు కూడా. అయితే ఇక్కడ లెక్కేసేది పళ్లు. నోట్లో చక్కెర పడ్డ కొద్ది నిమిషాలకే బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. పంటి మీద పాచిలో పీహెచ్ (ఇది తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) 5.5 కంటే కిందికి పడితే ఎనామిల్ అనే పంటి పైపొరలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. గంటకొక చాక్లెట్ అంటే పంటికి ఊపిరి తీసుకునే సందే ఉండదు. అయిదు చాక్లెట్లు ఒకేసారి తిన్నవాడి పళ్లకి ఒక్కసారే దెబ్బ. అవే అయిదు గంటకొకటి చొప్పున తిన్నవాడికి అయిదు దెబ్బలు.

ఇది తేల్చిన ప్రయోగం కథ అంత గర్వంగా చెప్పుకునేది కాదు. 1945 నుంచి 1955 వరకు స్వీడన్‌లోని విపెహోల్మ్ అనే సంస్థలో ఉన్న మానసిక వైకల్యం గలవాళ్ల మీద, వాళ్ల అనుమతి లేకుండా చేశారు. కొందరికి భోజనంతోపాటు తీపి ఇచ్చారు, కొందరికి భోజనాల మధ్యలో పళ్లకు అతుక్కునే టాఫీలు ఇచ్చారు. భోజనంతో తిన్నవాళ్లకు పుచ్చుపళ్లు పెద్దగా పెరగలేదు. మధ్యమధ్యలో టాఫీ నమిలినవాళ్ల పళ్లు దారుణంగా పాడయ్యాయి. ఆ తర్వాతే స్వీడన్‌లో పిల్లలకు మిఠాయిలు వారానికి ఒక్కరోజే, శనివారం నాడే ఇమ్మని చెప్పడం మొదలుపెట్టారు. ఆ అలవాటు అక్కడ ఇప్పటికీ ఉంది. వారమంతా 'వద్దు వద్దు' అంటూ పోట్లాడే బదులు, 'శనివారం నీకు నచ్చింది నువ్వే ఏరుకో' అనడంలో పిల్లవాడికీ పరువు దక్కుతుంది.

అపోహ: భోజనం అవగానే తీపి తినకూడదు, విడిగా ఖాళీ కడుపుతో తినాలి.

పై కథ చదివాక దీనికి జవాబు మీకే తెలుస్తుంది. పళ్ల సంగతి అలా ఉంచితే, రక్తంలో గ్లూకోజ్‌కి కూడా భోజనం చివరే మంచిది. టైప్ 2 మధుమేహం ఉన్న కొద్దిమంది మీద చేసిన ఒక చిన్న అధ్యయనం 2015లో వచ్చింది. అదే భోజనాన్ని కూరగాయలు, మాంసకృత్తులు ముందు, పిండిపదార్థాలు చివర తిన్నప్పుడు గంట తర్వాత గ్లూకోజ్ 37 శాతం తక్కువగా ఉంది. పీచు, మాంసకృత్తులు, కొవ్వు ముందే కడుపులో ఉంటే చివర వచ్చిన చక్కెర నెమ్మదిగా దిగుతుంది.

'కడుపు నిండింది, తీపికి మాత్రం చోటుంది' అన్నది ఉత్త సాకు కాదు. ఒకే రుచి తింటూ పోతే ఆ రుచి మీదే మోజు తగ్గుతుంది, కొత్త రుచి మీద అలాగే ఉంటుంది. బార్బరా రోల్స్ అనే శాస్త్రవేత్త 1980ల మొదట్లో దీన్ని బాగా పరిశోధించారు. తీపి విషయంలోనూ అంతే, మొదటి నాలుగు ముద్దల్లో ఉన్న మజా పదో ముద్దకి ఉండదు. అందుకే చిన్న గిన్నెలో పెట్టుకోమంటాను. ఫోన్ చూస్తూ తింటే ఆ మొదటి నాలుగు ముద్దలు కూడా వృథా.

అపోహ: 'షుగర్ ఫ్రీ' అని రాసి ఉంటే ఎంతైనా తినొచ్చు.

షుగర్ ఫ్రీ బిస్కెట్‌లో చక్కెర ఉండదు, మైదా ఉంటుంది, నూనె ఉంటుంది. కేలరీలు మామూలు బిస్కెట్‌కి పెద్దగా తీసిపోవు. షుగర్ ఫ్రీ చాక్లెట్లలో చక్కెర బదులు తరచుగా వాడే మాల్టిటాల్ అనే తీపి పదార్థానికి గ్రాముకి 2 కేలరీలకు పైనే ఉంటాయి, రక్తంలో గ్లూకోజ్‌ని కొంత పెంచుతుంది కూడా. మోతాదు మించితే కడుపుబ్బరం, విరేచనాలు. పెట్టె మీద ఆ హెచ్చరిక చిన్న అక్షరాల్లో ఉంటుంది, పెట్టె ఖాళీ చేశాక చదువుతారు! 'నో యాడెడ్ షుగర్' అంటే విడిగా కలపలేదని మాత్రమే, అందులో తీపి లేదని కాదు.

కృత్రిమ తీపి పదార్థాలను బరువు తగ్గడం కోసం వాడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. దీర్ఘకాలంలో వాటివల్ల బరువు తగ్గుతున్న దాఖలా కనిపించలేదన్నది కారణం. ఇప్పటికే మధుమేహం ఉన్నవాళ్లకి ఆ సూచన వర్తించదు. అదే ఏడాది ఆస్పర్‌టేమ్ అనే కృత్రిమ తీపి పదార్థం గురించి క్యాన్సర్ వార్తలు గుప్పుమన్నాయి. దాన్ని 'క్యాన్సర్ కారకం కావచ్చు' అన్న జాబితాలో చేర్చారు గానీ, కిలో బరువుకి రోజుకు 40 మిల్లీగ్రాములన్న పాత పరిమితిని మార్చలేదు. రోజుకో మాత్ర కాఫీలో వేసుకునేవాళ్లు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

అపోహ: డార్క్ చాక్లెట్‌తో బరువు పెరగరు.

చక్కెర తక్కువే, మిల్క్ చాక్లెట్‌లో ఉండేదాంట్లో సుమారు సగం. కానీ కొవ్వు ఎక్కువ. 100 గ్రాములకి దాదాపు 600 కేలరీలు, మిల్క్ చాక్లెట్ కంటే కొంచెం ఎక్కువే. చేదుగా ఉండటం వల్ల రెండు ముక్కలకే చాలనిపిస్తే అది దాని గొప్పతనం.

అపోహ: తీపి పెడితే పిల్లల అల్లరి పట్టలేం.

తల్లిదండ్రులు నాతో గట్టిగా వాదించేది దీని మీదే. 1994లో ఒక ప్రయోగం జరిగింది. 'మా వాడికి చక్కెర పడదు' అని చెప్పిన తల్లుల్ని, అయిదు నుంచి ఏడేళ్ల వాళ్ల కొడుకుల్ని పిలిచారు. పిల్లలెవరికీ చక్కెర ఇవ్వలేదు. సగంమంది తల్లులతో మాత్రం ఇచ్చామని చెప్పారు. ఆ తల్లులకి తమ పిల్లలు మామూలు కంటే ఎక్కువ అల్లరి చేస్తున్నట్టు కనిపించింది. పిల్లల్ని వదలకుండా దగ్గరే ఉంటూ, తప్పులు పట్టారట. మరుసటి ఏడాది అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసినా పిల్లల ప్రవర్తన మీద చక్కెర ప్రభావం కనిపించలేదు. పుట్టినరోజు పార్టీలో పదిమంది పిల్లలు ఒకచోట చేరితే కేకు లేకపోయినా ఇల్లు పీకి పందిరేస్తారు. తీపి తగ్గించడానికి దంతాలు, బరువు లాంటి కారణాలున్నాయి, ఈ కారణం అక్కర్లేదు.

అపోహ: షుగర్ వ్యాధి ఉన్నవాళ్లు జన్మలో తీపి ముట్టకూడదు.

అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 1994లోనే ఈ నిషేధాన్ని పక్కన పెట్టింది. మొత్తం పిండిపదార్థాల లెక్కలో సర్దుకునేట్టయితే తీపి కూడా తినొచ్చంది. సర్దుకోవడం అన్న మాటే కీలకం. తీపి అదనంగా కాకుండా, ఆ పూట తినే పిండిపదార్థాల్లో కొంత తగ్గించి దాని బదులు తినాలి. మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మోతాదు సంగతి డాక్టరుతో మాట్లాడాకే ఇదంతా. ఇంకో విషయం, షుగర్ బాగా పడిపోయి చెమటలు, వణుకు వచ్చినప్పుడు వాళ్లకి మందే చక్కెర. 15 గ్రాముల గ్లూకోజ్ గానీ, చక్కెర కలిపిన నీళ్లు గానీ తీసుకుని 15 నిమిషాలకి మళ్లీ పరీక్ష చేసుకోవాలి. అప్పుడు చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది.

అపోహ: తీపి తగ్గిస్తే రుచి చచ్చిపోతుంది.

మొదటి వారం చప్పగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ నాలుక అలవాటు పడుతుంది. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో చక్కెర బాగా తగ్గించి తిన్నవాళ్లకి మూడో నెలకొచ్చేసరికి అదే పుడ్డింగ్ మునుపటి కంటే తియ్యగా అనిపించింది. కాబట్టి ఒకేసారి సున్నాకి వెళ్లకుండా కాఫీలో అరచెంచా తగ్గించి, కొన్ని వారాలాగి ఇంకో అర తగ్గించండి.

వంటలో మాత్రం చక్కెర తీపి ఒక్కటే ఇవ్వదు. కేకులో తేమ నిలిపేది, మెత్తదనం తెచ్చేది, పైన గోధుమ రంగు ఇచ్చేది అదే. మామూలు కేకులో నాలుగో వంతు తగ్గిస్తే సాధారణంగా తేడా తెలియదు. సగం తీసేస్తే పొడిపొడిగా, పాలిపోయినట్టు వస్తుంది. తగ్గించినప్పుడు దాల్చినచెక్క, వెనీలా కాస్త దట్టంగా వేయండి. ఆ వాసనకే ఇంకాస్త తియ్యగా ఉన్నట్టు అనిపిస్తుంది. చిటికెడు ఉప్పూ సాయపడుతుంది. జామ్, మెరింగ్ (గిలక్కొట్టిన గుడ్డు తెల్లసొన, చక్కెరతో చేసేది)ల జోలికి వెళ్లకండి, చక్కెర తగ్గితే జామ్ గట్టిపడదు, నిలవా ఉండదు, మెరింగ్ కారిపోతుంది. ఐస్‌క్రీమ్ కూడా అంతే. చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది కాబట్టి దాంట్లో ఎక్కువే వేస్తారు, పైగా అది రాయిలా గడ్డకట్టకుండా ఆపేదీ చక్కెరే. అందుకని ఐస్‌క్రీమ్ రెసిపీలో చక్కెర తగ్గించే బదులు, తినే గిన్నెను చిన్నది చేయండి.