‘మాట వినడు’ అంటున్నారా? ముందు చెవి పరీక్ష చేయించండి

మొన్న శనివారం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. బాబుకి రెండేళ్ల ఎనిమిది నెలలు. ‘అమ్మ’, ‘తా’ తప్ప మాటల్లేవు. ‘చెప్పిన మాట వినడు, పక్క పిల్లల్ని కొరుకుతున్నాడు’ అని ప్లే స్కూల్ వాళ్లు డైరీలో రాసి పంపారట. ఆరు నెలలుగా బిహేవియర్ థెరపీకి తిప్పుతున్నారు. బేరా (పిల్లాడు నిద్రపోతుండగా చేసే వినికిడి పరీక్ష) చేయించారా అని అడిగాను. నాయనమ్మే జవాబిచ్చింది: “మావోనికి మంచిగనే ఇనబడ్తది మేడం. కుక్కర్ సీటీ కొడ్తే ఉరికొస్తడు.”

స్పీచ్ థెరపిస్టుగా పదకొండేళ్లుగా ఈ కుక్కర్ సీటీ మాట వింటున్నాను. సీటీ కాకపోతే వెనకనుంచి మోగించిన పళ్లెం, అదీ కాకపోతే దీపావళి పటాకులు. చప్పుడుకి తిరిగి చూశాడు కాబట్టి చెవులు బాగున్నట్టేనని తేల్చేస్తారు. పిల్లల విషయంలో ఇంతకన్నా నష్టం చేసే అపోహ నాకు ఇంకోటి కనిపించలేదు.

సీటీ, పటాకులు చాలా పెద్ద చప్పుళ్లు. మనం మామూలుగా మాట్లాడుకునే గొంతు మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ (చప్పుడు ఎంత పెద్దదో చెప్పే కొలత). 50 డెసిబెల్స్ లాస్, అంటే అంతకన్నా చిన్న చప్పుళ్లు అందని వినికిడి లోపం, ఉన్న పిల్లాడికి సీటీ వినిపిస్తుంది, తలుపు దభాలున వేస్తే వినిపిస్తుంది. పక్క గదిలోంచి పేరు పెట్టి పిలిస్తే వినిపించదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని మాట్లాడితే కొంత అందుతుంది. అందుకే ఇంట్లోవాళ్లకి ‘ఇష్టమైతే వింటాడు, లేకపోతే వినడు’ అనిపిస్తుంది.

ఇంకో సంగతుంది. మన మాటల్లో అచ్చులకి బలం ఎక్కువ. స, శ, త లాంటి హల్లులు నీరసమైన శబ్దాలు, పైగా హై ఫ్రీక్వెన్సీలో, అంటే సన్నని కీచు స్థాయిలో ఉంటాయి. ఆ ఫ్రీక్వెన్సీలో లాస్ ఉన్న పిల్లాడికి ‘పాప’ అన్నా ‘తాత’ అన్నా ‘ఆ... ఆ...’ అన్నట్టే చేరుతుంది. ‘చెప్పులు తీసుకురా’ అంటే గొంతు వినపడి మీ వైపు చూస్తాడు. ఏమన్నారో అందక అక్కడే నిలబడిపోతాడు. మొండివాడంటారు. ‘మాట వినడు’ అనే మాటకి తెలుగులో రెండర్థాలున్నాయి. ఇంట్లో, బడిలో అందరూ ఒక్క అర్థమే పట్టుకుంటారు.

ఒకసారి నేనూ అలాగే పట్టుకున్నాను. ఈ పనిలోకి వచ్చిన మూడో ఏడు. రెండున్నరేళ్ల బాబు. ‘టీవీలో యాడ్ రాగానే పరిగెత్తుకొస్తాడు’ అని తల్లిదండ్రులు గట్టిగా చెబితే నమ్మి, పరీక్ష లేకుండానే థెరపీ మొదలుపెట్టాను. నాలుగు నెలలైనా కదలిక లేదు. అప్పుడు బేరా చేయిస్తే రెండు చెవుల్లోనూ 55 డెసిబెల్స్ దగ్గర లాస్ వచ్చింది. హియరింగ్ ఎయిడ్స్ పెట్టిన రోజు వాళ్లమ్మ పక్కన కూర్చుని బిస్కెట్ ప్యాకెట్ చింపింది. వాడు గిర్రున తిరిగాడు. ప్యాకెట్ లాక్కుని బిస్కెట్లన్నీ కింద పారేసి, ఆ కాగితాన్ని చెవి దగ్గర పెట్టుకుని నలుపుతూ కూర్చున్నాడు. చాలాసేపు వదల్లేదు. శబ్దాన్ని మాటగా పోల్చుకోవడం మెదడు బాగా నేర్చేది మొదటి మూడేళ్లలోనే. అందులో నాలుగు నెలలు నావల్ల పోయాయి. ఆ తర్వాత వినికిడి రిపోర్టు చూడకుండా నేను ఒక్క సెషన్ కూడా మొదలుపెట్టలేదు.

మాటలు రాని ప్రతి పిల్లాడికీ చెవుడే అనడం లేదు. రిపోర్టు నార్మల్ వస్తే ఒక దారి మూసుకుని ఇంకోటి తెరుచుకుంటుంది. పిలిస్తే పలకకపోవడం, కావలసింది వేలితో చూపించకపోవడం ఉంటే అప్పుడు ఆటిజం కోసం డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్‌కి చూపించాలి. ఏ దారైనా చెవి పరీక్ష దాటే వెళ్లాలి. శనివారం వచ్చిన బాబు రిపోర్టు ఇంకా రాలేదు. నార్మల్ రావాలనే కోరుకుంటున్నాను.

‘పుట్టినప్పుడే టెస్టు పాసయ్యాడు’ అని కొందరంటారు. అది ఆ రోజుకి సరైన రిపోర్టే. తర్వాత మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వచ్చినా, గవదబిళ్ళలు వచ్చినా వినికిడి పోవచ్చు. కొన్ని వంశపారంపర్య లాస్‌లు నెమ్మదిగా బయటపడతాయి. పుట్టగానే ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) ఉన్న పిల్లలకి, పుట్టినప్పుడు లోపలి చెవి స్పందన చూసే ఆ ఓఏఈ పరీక్ష ఒక్కటే చాలదు. ఊరికే జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. దానికి కర్ణభేరి కదలిక చూసే ఇంపీడెన్స్ టెస్టు, ఈఎన్‌టీ డాక్టరు కావాలి. చెవిలో గోరువెచ్చని నూనె పోస్తే అది కర్ణభేరి దాటి లోపలికి వెళ్లదు.

‘మా రెండు వైపులా ఎవరికీ చెవుడు లేదు’ అన్నదీ ఆధారం కాదు. పుట్టు చెవుడున్న పిల్లల్లో అత్యధికుల తల్లిదండ్రులకి చక్కగా వినిపిస్తుంది. మేనరికాల్లో ఈ అవకాశం ఇంకా ఎక్కువ. గ్రహణం చూసిందనీ, కడుపుతో ఉండి ఫోన్ పట్టుకుందనీ కోడల్ని అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ అమ్మాయి అప్పటికే నిద్రపోవడం మానేసి ఉంటుంది. ఆమెను వదిలేయండి.

మిగతావి గబగబా చెబుతాను. వస అరగదీసి నాకిస్తే మాటలు రావు. ఏడాది నిండని పిల్లలకి అందులో కలిపే తేనె ప్రమాదం కూడా. నాలుక కింద తాడు వల్ల కొన్ని శబ్దాలు స్పష్టంగా రాకపోవచ్చు గానీ మాటలే ఆగిపోవు. మగపిల్లలు కొంచెం నిదానం నిజమే. అది కొద్ది నెలల తేడా. రెండేళ్లకి రెండు మాటలు కలిపి అనకపోతే ఆడైనా మగైనా చూపించాల్సిందే. ఇంగ్లీషు కోసం ఇంట్లో తెలుగు మానేయమని ఏ స్కూలు చెప్పినా వినకండి. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు. చెవి మిషన్ (హియరింగ్ ఎయిడ్) పెడితే చెవి ఇంకా పాడవుతుందన్నదీ తప్పే. కొలిచి సరిగ్గా అమరిస్తే అది మాటని చెవికి చేరుస్తుంది.

బేరా అంటే కరెంటు పెడతారని భయపడేవాళ్ల కోసం: నుదుటి మీద, చెవుల వెనక చిన్న స్టిక్కర్లలాంటివి అంటించి, చెవిలో టిక్ టిక్‌మనే శబ్దం వినిపిస్తారు. మెదడు దానికి ఎలా స్పందించిందో కంప్యూటర్ రాసుకుంటుంది. లోపలికి కరెంటు ఏమీ వెళ్లదు. పిల్లాడు గంటసేపు నిద్రపోతే చాలు. తనంతట పడుకోకపోతే డాక్టరు బరువు చూసి సిరప్ ఇస్తారు. కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికో, బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రానికో వెళ్లండి. ప్రైవేటులో అయితే ఆడియాలజిస్టుకి (వినికిడి పరీక్ష చేసే నిపుణులు) ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, మొహమాటపడకండి. తీవ్రమైన లాస్ తేలితే, అర్హత ఉన్నవాళ్లకి కేంద్రం వికలాంగులకి పరికరాలిచ్చే అడిప్ పథకంలో కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) ఇస్తోంది. పుట్టు చెవుడున్న పిల్లలకి దానికి ఐదేళ్ల వయసు పరిమితి ఉంది కాబట్టి ‘వచ్చే సంక్రాంతి దాకా చూద్దాం’ అనుకోవద్దు.

పరీక్ష రోజు పొద్దున్నే లేపండి. ఆటోలో, మెట్రోలో కునుకు తీయనివ్వకండి, లేకపోతే అక్కడికెళ్లాక పడుకోడు. ఏం పెట్టాలో, ఎప్పటినుంచి పెట్టకూడదో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. వాడి దుప్పటి, పుట్టినప్పటి డిశ్చార్జ్ కాగితాలు సంచిలో పెట్టుకోండి. జలుబు ఉంటే అక్కడి వాళ్లకి ముందే చెప్పండి.