‘సాలిడ్’ బ్యాటరీలో తడి ఎంత?

ఎండలు ముదిరితే విశాఖలో విద్యుత్ స్కూటర్ల బ్యాటరీల మీద భయం మొదలవుతుంది. దాని వెంటే “సాలిడ్ స్టేట్ వచ్చేస్తోంది, ఇక మంటలుండవు” అనే భరోసా. సాలిడ్ స్టేట్ అంటే లోపల ద్రవం బదులు ఘనపదార్థం ఉండే బ్యాటరీ. ఇప్పుడు పేచీ ఆ పేరు మీదే. పాలిమర్‌లో, అంటే పొడవాటి గొలుసు అణువులున్న ప్లాస్టిక్ లాంటి పదార్థంలో, కాస్త ద్రవం కలిపిన సెల్‌ని సాలిడ్ అనొచ్చా?

2020 మే 7న వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకయ్యాక ఈ ఊళ్లో పాలిమర్ అంటేనే ఉలిక్కిపడతారు. బ్యాటరీలో వాడే పాలిమర్ అది కాదు. మందుబిళ్లల్లోనూ వాడే పాలిఇథిలీన్ ఆక్సైడ్, పొట్టిగా పీఈఓ.

లిథియం బ్యాటరీలో రెండు ధ్రువాల మధ్య లిథియం అయాన్లు, అంటే విద్యుదావేశమున్న పరమాణువులు, నడిచే దారిని ఎలక్ట్రోలైట్ అంటారు; మామూలుగా అది ద్రవం. దాని బదులు పీఈఓను వాడదామని ఫ్రెంచ్ శాస్త్రవేత్త మిషెల్ ఆర్మాండ్ 1978లోనే అన్నారు. అసలు మలుపు మాత్రం 1983. అయాన్లు నడిచేది పాలిమర్ స్ఫటిక భాగంలో కాదు, అమరిక లేని వదులు భాగంలోనేనని బెర్తియే అనే శాస్త్రవేత్త బృందం ఎన్‌ఎంఆర్‌తో (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల స్పందనను చూసే పరీక్షతో) తేల్చింది. హార్బర్లో చేపల తట్ట చేతులు మారినట్టు, కదిలే గొలుసు మీది ఆక్సిజన్లు లిథియాన్ని ఒకదానికొకటి అందిస్తాయి. స్ఫటికంలో ఆ చేతులు కట్టేసి ఉంటాయి. పీఈఓ స్ఫటికం కరగాలంటే 65 డిగ్రీలు దగ్గర పడాలి. విశాఖ మే ఎండ కూడా చాలదు.

ఆ తర్వాత జరిగిందంతా కట్లు విప్పే ప్రయత్నమే. 1998లో క్రోచే, స్క్రోసాటి బృందం టైటానియా, అల్యూమినా నానో పొడులు కలిపి 30 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు లక్షో వంతు సీమెన్స్ వాహకత (అయాన్లు ఎంత సులువుగా నడుస్తాయో చెప్పే కొలత) రాబట్టింది. మామూలు ద్రవ ఎలక్ట్రోలైట్‌ది దానికి వెయ్యి రెట్లు. ఇక సులువు దారి ద్రవం కలపడం. వాహకత పెరుగుతుంది, ఫిల్మ్ మెత్తబడుతుంది, ఛార్జింగ్‌లో మొలిచి సెల్‌ని షార్ట్ చేసే లిథియం ముళ్లను అడ్డుకునే సత్తువ తగ్గుతుంది. ఎంతో కొంత తడి లేకుండా గది వేడిలో పని జరగదని తయారీదారుల వాదన. అది చాలావరకు నిజమే. అలాంటప్పుడు డబ్బా మీద ఆ తడి ఎంతో రాయడానికి ఏమడ్డం?

గట్టిదైతే చాలు, మంట రాదన్నదీ పూర్తి నిజం కాదు. పారిస్‌లో 2022 ఏప్రిల్‌లో బ్లూబస్ అనే రకం విద్యుత్ బస్సులు రెండు కాలిపోయాయి, 149 బస్సుల్ని పక్కన పెట్టారు. వాటిలో ఉన్నవి లిథియం మెటల్ పాలిమర్ బ్యాటరీలే.

ఇంకో తడి ఉంది, దాన్ని ఎవరూ కలపరు. పీఈఓ, అందులోని లిథియం లవణం రెండూ తేమను ఇట్టే పీల్చుకుంటాయి, పీల్చుకుంటే వాహకత పెరిగినట్టు కనిపిస్తుంది. గ్లవ్ బాక్స్ (తేమ చొరబడని మూసిన పెట్టె) లేకుండా ఇక్కడ ఆరబెట్టిన ఫిల్మ్ చూపే అంకెలో పాలిమర్ ఘనత ఎంతో, బీచ్ రోడ్డు గాలి వాటా ఎంతో విడదీయడం కష్టం.