పారిపోయేవాణ్ణి పట్టుకునే దారి లెక్క ఎక్కడ మొదలైంది?

ఫ్రెండ్ బండి మీద ఆర్కే బీచ్ నుంచి బయలుదేరాడు, మీరు మద్దిలపాలెంలో ఉన్నారు, మధ్యలో ఎక్కడో వాణ్ణి పట్టుకోవాలి. ఫోన్ చేసి "ఎక్కడున్నావురా" అని అడిగిన ప్రతిసారీ వైజాగ్ మ్యాప్ మొత్తం మొదటి నుంచీ చూస్తూ కూర్చుంటే, మీరు దారి తేల్చేలోపు వాడు ఇంకో జంక్షన్ దాటేస్తాడు. కదిలేదాన్ని వెంటాడే కంప్యూటర్‌కీ సరిగ్గా ఇదే టెన్షన్.

వెంటాడటం మీద లెక్కలు పాతవే. 1732లోనే పియరీ బూగే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త, వర్తక ఓడను తరిమే దొంగల ఓడ ఏ వంపులో వెళ్తుందో లెక్కగట్టాడు. కానీ అది సముద్రం, మధ్యలో గోడలుండవు. సందుల మధ్య దారి వెతకడానికి డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త పద్ధతి 1959లో అచ్చయింది. 1968లో హార్ట్, నిల్సన్, రాఫెల్ దానికి "గమ్యం ఇంకా ఎంత దూరం ఉండొచ్చు" అనే అంచనా జోడించి ఏ-స్టార్ అనే పద్ధతి తెచ్చారు. రెండింటిలోనూ గమ్యం కదలదు.

కదిలే గమ్యాన్ని నేరుగా పట్టించుకున్నది 1991లో ఇషిదా, కోర్ఫ్. వెళ్తూ వెళ్తూ అంచనాలు దిద్దుకునే పద్ధతి వాళ్ళది, పారిపోయేవాడు వేటగాడికన్నా నెమ్మదైతే దొరికి తీరతాడని రుజువు కూడా చేశారు. 1994లో స్టెంజ్ డీ-స్టార్, 2002లో కోనిగ్, లిఖాచెవ్‌ల డీ-స్టార్ లైట్ అనే పద్ధతులు వచ్చాయి. దారిలో కొత్తగా అడ్డంకి కనిపిస్తే మార్పు తగిలిన మేరకే ఇవి లెక్క సరిచేస్తాయి. చిక్కేంటంటే వీటి వెతుకులాట గమ్యం నుంచి వెనక్కి, చెట్టు కొమ్మల్లా దారులు చీలుతూ సాగుతుంది. ఆ చెట్టుకు వేరు గమ్యమే, అది కదిలితే వేరు ఊడినట్టే.

నాకు బాగా నచ్చిన మలుపు ఇక్కడే ఉంది. 2009, 2010 ప్రాంతంలో సన్, యో, కోనిగ్ ఆ చెట్టును వేటగాడి వైపు నుంచి పెంచారు. వేటగాడు ఒక అడుగు వేస్తే, మ్యాప్‌ను విడదీసిన గళ్ళలో వాడు నిలబడ్డ గడి నుంచి సాగే కొమ్మలన్నీ ఇంకా పనికొస్తాయి, మిగతావి కొట్టేసి, తెగిన అంచుల నుంచే మళ్ళీ వెతుకుతారు. వేగమంతా పాత లెక్కను పారేయకపోవడం వల్లే వచ్చింది.

అయినా ఇవి వెంటాడేది పారిపోయేవాడు ఇప్పుడున్న చోటునే. మీరైతే, ఫ్రెండ్ భీమిలి వెళ్తున్నాడని ముందే తెలుసు కాబట్టి హైవే మీద ఎండాడ దాకా పోయి, రుషికొండ వైపు దిగి, బీచ్ రోడ్డు మీద వాడికన్నా ముందే నిలబడతారు.