వద్దనుకున్నవాళ్లు ఏమయ్యారు?

1979లో అమెరికాలోని హ్యూస్టన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల ఎప్పటిలాగే అడ్మిషన్లు ముగించింది. సుమారు 800 మందిని ఇంటర్వ్యూ చేసి, ర్యాంకులు వేసి, పైనున్న 350 మందిలోంచి 150 మందిని తీసుకుంది. అంతా అయ్యాక రాష్ట్ర శాసనసభ మరో 50 సీట్లు పెంచమంది. అప్పటికి మంచి ర్యాంకులవాళ్లు ఎక్కడో ఒకచోట చేరిపోయారు. మిగిలింది 700కీ 800కీ మధ్యవాళ్లు. చేసేది లేక వాళ్లలోంచే 50 మందిని చేర్చుకున్నారు. తర్వాత రెండు జట్లనూ చదువు పూర్తయ్యేదాకా, ఆపైన మొదటి ఏడాది శిక్షణలోనూ పోల్చి చూశారు. మార్కుల్లో గానీ, రోగుల దగ్గర పనితీరులో గానీ, మధ్యలో మానేసినవాళ్ల సంఖ్యలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ర్యాంకుల్లో అంత దూరం రావడానికి ప్రధాన కారణం ఇంటర్వ్యూ చేసినవాళ్ల అభిప్రాయమేనని లెక్కల్లో తేలింది. 800 మందీ మార్కుల వడపోత దాటి వచ్చినవాళ్లేనన్న మాట నిజమే. కానీ ఏ కంపెనీ అయినా ఇంటర్వ్యూకి పిలిచేది రెజ్యూమెలు వడపోశాకే కదా!

హ్యూస్టన్‌లో జరిగినట్టు మళ్లీ చూసుకునే వీలు కంపెనీలకు దాదాపు ఎప్పుడూ దొరకదు. తీసుకున్న మనిషి బాగా చేస్తే మన అంచనా నిజమైందనుకుంటాం. చేయకపోతే ఇంటర్వ్యూలో అలా లేడే అనుకుంటాం. వద్దని పంపేసిన మనిషి పక్క ఆఫీసులో ఎంత చక్కగా పనిచేస్తున్నా ఆ సంగతి మన దాకా రాదు. అందుకే ఇరవై ఏళ్లు ఇంటర్వ్యూలు చేసిన మేనేజరుకు నమ్మకం పెరుగుతుంది తప్ప, ఎంపికలో చెయ్యి తిరగదు. నియామకాల్లో తప్పులు ఏటేటా అలాగే కొనసాగడానికి ఇదే అసలు కారణమని నా అభిప్రాయం.

'మీ గురించి చెప్పండి' అని మొదలయ్యే ఇంటర్వ్యూనే చూడండి. మొదటి నిమిషాల్లో మాటతీరు, ఇంగ్లీషు, కాలేజీ పేరు కలిసి ఒక అభిప్రాయం కుదిరిపోతుంది. ఆ తర్వాత అడిగేవన్నీ దాన్ని బలపరచుకునే ప్రశ్నలే. నచ్చినవాళ్లకు తేలికవి, నచ్చనివాళ్లకు గట్టివి. 2013లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో, విద్యార్థులు తోటివాళ్లను ఇంటర్వ్యూ చేసి వాళ్ల మార్కులు ఊహించాలి. జవాబిచ్చేవాళ్లలో కొందరు ప్రశ్నతో సంబంధం లేకుండా, ముందే ఇచ్చిన సూత్రం ప్రకారం అవుననో కాదనో చెప్పారు. ఎదుటివాళ్లు దాన్ని పసిగట్టలేదు. పైగా, పాత మార్కులు మాత్రమే చూసి ఊహించినప్పుడు వచ్చిన ఫలితం, ఇంటర్వ్యూ కూడా చేసినప్పటికంటే మెరుగ్గా ఉంది.

2022లో ఉద్యోగ ఎంపికలపై పరిశోధించే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ సాకెట్ బృందం దశాబ్దాల అధ్యయనాలను తిరగతోడి లెక్క సరిచూసింది. ఎంపిక పద్ధతికీ తర్వాతి పనితీరుకూ ఉన్న సంబంధాన్ని 0 నుంచి 1 దాకా కొలిస్తే, పిచ్చాపాటీ ఇంటర్వ్యూకు దక్కింది 0.19. అందరికీ అవే ప్రశ్నలు, ముందే రాసుకున్న కొలమానంతో చేసే ఇంటర్వ్యూకు 0.42. ఉద్యోగ ప్రకటనల్లో తప్పనిసరిగా కనబడే 'ఇన్నేళ్ల అనుభవం' 0.1 కూడా దాటలేదు.

ఇంటర్వ్యూ గది దాకా రానివ్వని తప్పులూ ఉన్నాయి. పరిశోధకులు సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ మన దేశంలోని ప్రైవేటు ఉద్యోగాలకు ఒకే రకం అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపించారు. దళిత ఇంటిపేరున్న దరఖాస్తులకు సానుకూల స్పందన అవకాశం అగ్రవర్ణ పేర్లతో పోలిస్తే మూడింట రెండు వంతులేనని 2007లో ప్రకటించారు. అన్యాయం జరిగింది వాళ్లకు. పనికొచ్చే మనిషిని పోగొట్టుకున్నది కంపెనీ.

ఇక ఖర్చు. హైదరాబాద్‌లో ఏడాదికి 12 లక్షల సీటీసీతో (కంపెనీ ఆ మనిషి మీద పెట్టే మొత్తం ఖర్చు) ఒకరిని కన్సల్టెన్సీ ద్వారా తీసుకుని, ఆరో నెలలో పంపించేశారనుకుందాం. కన్సల్టెన్సీ కమిషన్ మామూలుగా ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం: లక్ష. ఆరు నెలల జీతం ఆరు లక్షలు. అందులో సగానికి సరిపడా పనే జరిగిందనుకుంటే మూడు లక్షలు నష్టం. టీమ్ లీడ్ రోజుకో గంట ఆ పని సరిదిద్దితే, నెలకు 22 పనిదినాల లెక్కన 132 గంటలు, ఇంటర్వ్యూలకు మరో 28. గంటకు 1,200 చొప్పున 1,92,000. మొత్తం దాదాపు ఆరు లక్షలు, ఏడాది జీతంలో సగం. కొత్తగా వచ్చే మనిషికి 90 రోజుల నోటీస్ పీరియడ్ ఉంటే ఆ మూడు నెలల ఖాళీ దీనికి అదనం. ఇక్కడో మెలిక ఉంది. సరిపోని మనిషికి బదులు మరొకరిని ఇస్తామనే కన్సల్టెన్సీ హామీ సాధారణంగా రెండు మూడు నెలలే. ప్రొబేషన్ సమీక్ష మాత్రం చాలాచోట్ల ఆరో నెలలో. అందుకే 30వ రోజు, 60వ రోజు కూర్చుని పని చూడాలి.

మందు పాతదే. 1955లో ఇజ్రాయెల్ సైన్యంలో, తర్వాత పేరొందిన మనస్తత్వ శాస్త్రవేత్త అయిన 21 ఏళ్ల డేనియల్ కానెమన్‌కు ఇంటర్వ్యూలు బాగుచేసే పని అప్పగించారు. ఆయన ఆరు లక్షణాలు ఎంచి, ఒక్కోదానికీ వాస్తవాలు రాబట్టే ప్రశ్నలు రాసి, ఒకటి పూర్తిచేసి 1 నుంచి 5లోపు మార్కు వేశాకే రెండోదానికి వెళ్లమన్నాడు. మమ్మల్ని మరమనుషుల్ని చేస్తున్నారని ఇంటర్వ్యూ చేసేవాళ్లు గొడవపెట్టారు. సరే, చివర్లో కళ్లు మూసుకుని మీ మనసుకు తోచిన మార్కు కూడా వేయండి అన్నాడు. ఫలితాలు మునుపటికంటే చాలా మెరుగయ్యాయి. చివర్లో వేసిన ఆ మనసు మార్కు కూడా పనికొచ్చింది, వివరాలన్నీ సేకరించాక వేసింది కాబట్టి.

దీనికి పెద్ద కంపెనీయే కానక్కర్లేదు. విజయవాడలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు అకౌంట్స్ చూసే మనిషి కావాలనుకోండి. ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) వచ్చా అని అడిగితే అందరూ వచ్చనే అంటారు. ఇరవై వరుసల బ్యాంక్ స్టేట్‌మెంటు, దానికి సరిపడా లెడ్జరు ప్రింటు తీసి నలభై నిమిషాలు ఇవ్వండి. అందులో మూడు తేడాలు పెట్టండి: ఇచ్చిన చెక్కు ఇంకా బ్యాంకులో పడకపోవడం, బ్యాంకు ఛార్జీలు లెడ్జరులో ఎక్కకపోవడం, 5,400ను 4,500గా రాయడం. మొదటి రెండూ తేల్చాక మిగిలేది 900. పని తెలిసిన మనిషి దాన్ని 9తో భాగించి చూస్తాడు, నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారయ్యాయేమోనని వెతుకుతాడు. ఆ వెతుకులాటను పక్కన కూర్చుని చూడాలి. ఎంత సొంపుగా మాట్లాడే మనిషైనా ఇక్కడ దాచలేడు.

ప్యానెల్‌లో ఇద్దరుంటే, బయటికొచ్చి మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్లు కాగితం మీద వేసెయ్యాలి. పెద్దాయన ముందుగా 'కుర్రాడు బాగున్నాడు' అన్నాడంటే రెండో కాగితానికి విలువ పోయినట్టే. ఆ కాగితాలను పారెయ్యకుండా ఫైల్లో పెట్టి, ఏడాది తిరిగాక ఆ మనిషి పనితీరు నివేదిక పక్కన పెట్టి చూసుకోవాలి.